లైసెన్స్ వచ్చింది, ఏ తుపాకీ కొనాలి?

ఆత్మరక్షణకు గన్ లైసెన్స్ తీసుకుని, బట్టల కింద ఇమిడే చిన్న తుపాకీ కోసం వెతుకుతున్న పాఠకుల ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపాం. ఊరూ పేరూ బయటపెట్టొద్దని చాలామంది కోరారు కాబట్టి వృత్తి, పేట మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో మాకు బంగారం కొట్టు ఉంది. ఈమధ్యే లైసెన్స్ మంజూరైంది. అందులో ‘ఎన్‌పీబీ పిస్టల్ లేదా రివాల్వర్’ అని రాశారు. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు, ‘సిగ్ పీ365 తీసుకో మామయ్యా, చిన్నవాటిలో దాన్ని మించింది లేదు’ అంటున్నాడు. ఇక్కడ దొరుకుతుందా? దొరక్కపోతే ఏది కొనాలి?

జవాబు: దొరకదండీ. దొరికిస్తామని ఎవరైనా అంటే వాళ్లకు దూరంగా ఉండండి. మీ మేనల్లుడి మాటలో తప్పులేదు. 2018లో వచ్చిన ఆ పిస్టల్ పొడవు 147 మి.మీ. మాత్రమే, ఖాళీగా తూస్తే అర కిలో. అయినా మ్యాగజీన్‌లో, అంటే తూటాలు నింపే పెట్టెలో, 10 తూటాలు పడతాయి. చిక్కంతా దాని తూటాతోనే. అది 9 ఎంఎం. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం, .45, .455, .380 తూటాలు పట్టే పిస్టళ్లు, రివాల్వర్లు మన ఆయుధ చట్టం ప్రకారం ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషిద్ధ సైజు. మీ లైసెన్స్‌లో ఉన్న ఎన్‌పీబీ అంటే నాన్ ప్రొహిబిటెడ్ బోర్, ఆ జాబితాలో లేనిది. నిషిద్ధ ఆయుధాన్ని అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష 7 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా ఉంది. పైగా 1980ల మధ్య నుంచి మామూలు పౌరులకు తుపాకుల దిగుమతి మూతపడింది.

కాబట్టి మీ ముందున్న దారి .32 సైజు తూటా వాడే తుపాకీ. ఇక్కడే చాలామంది పొరబడతారు. .32 పేరుతో రెండు వేర్వేరు తూటాలున్నాయి. రివాల్వర్‌కు వాడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, పిస్టల్‌కు వాడేది .32 ఏసీపీ. రివాల్వర్ తూటా గొట్టం పొడవు 23 మి.మీ., పిస్టల్ తూటాది 17 మి.మీ. పిస్టల్ తూటా కొన్ని రివాల్వర్ల సిలిండర్‌లో (తూటాలు పెట్టే తిరిగే చక్రంలో) దూరుతుంది కూడా. అలా దూరింది కదా అని పేల్చకూడదు, దాని ఒత్తిడి ఎక్కువ. కొట్లో తూటాలు కొనేటప్పుడు ‘.32’ అని ఊరుకోకుండా పూర్తి పేరు చెప్పి, పెట్టె మీద చదివి తీసుకోండి.

కొత్తవాటిలో ఎక్కువగా కనిపించేది కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్. పాత వెబ్లీ నమూనా, నడుం దగ్గర విరిచి తెరిచే పద్ధతి, 6 తూటాలు, 3 అంగుళాల బ్యారెల్, సుమారు 700 గ్రాములు. 2014లో అక్కడి ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ టైటానియం మిశ్రమంతో చేసిన నిర్భీక్ రివాల్వర్ సుమారు 500 గ్రాములు. 2023 ఆగస్టులో వచ్చిన ప్రబల్ రివాల్వర్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లా సండీలాలో వెబ్లీ పేరుతో ఒక ప్రైవేటు సంస్థ .32 రివాల్వర్ తయారుచేస్తోంది. పిస్టల్ కావాలంటే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల అశని ఉంది. ఇవికాక పాత విదేశీ సరుకు ఉంది, దాని సంగతి వేరే ప్రశ్నలో చెబుతున్నాం.

ఇందులో ఏది కొనాలో మేం ఇక్కడి నుంచి చెప్పలేం, మీ చెయ్యి చెప్పాలి. అది తర్వాతి జవాబులో.

ప్రశ్న: వయసు 58. కొంపల్లి దగ్గర రైస్ మిల్లు. వేళ్ల కీళ్లలో కొంచెం నొప్పులున్నాయి. రివాల్వర్ మంచిదా, పిస్టల్ మంచిదా?

జవాబు: మొదటిసారి కొనేవాళ్లకు, వారానికి రెండుసార్లు తుపాకీ సాధన చేసే రేంజికి వెళ్లే తీరిక లేనివాళ్లకు మేం రివాల్వరే అంటాం. కానీ మీ వేళ్ల సంగతి చూశాకే.

రివాల్వర్‌లో హ్యామర్ (వెనక ఉండే సుత్తి లాంటి భాగం) వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే, ఆ ఒక్క వేలితోనే సిలిండర్ తిరగాలి, హ్యామర్ లేవాలి. దానికి 5 కిలోల దగ్గర బలం పడుతుంది, లాగాల్సిన దూరమూ ఎక్కువే. పిస్టల్‌లో ట్రిగ్గర్ తేలికైనా స్లయిడ్ (పైన జారే ఇనుప భాగం) వెనక్కి లాగడం కష్టం. .32 పిస్టళ్లలో చాలావరకు బ్యారెల్ కదలదు. తూటా పేలినప్పుడు స్లయిడ్‌ను ఆపేది దాని బరువూ స్ప్రింగూ మాత్రమే. అందుకే పిస్టల్ చిన్నదైనా స్ప్రింగు గట్టిగా ఉంటుంది. కీళ్ల నొప్పులున్నవాళ్లు తడబడేది ఇక్కడే. కొట్లో ఈ రెండూ స్వయంగా చేసి చూడండి.

చూసే పద్ధతి చెబుతాం. తుపాకీ చేతికి ఇవ్వగానే తెరిచి, ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి, ఇంకోసారి చూడండి. కొట్టువాళ్లు అప్పటికే చూపించినా సరే. తర్వాత వాళ్ల అనుమతితో మనుషులు లేని గోడ వైపు పట్టుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం పిడి వెనక భాగాన్ని వీలైనంత పైన తాకాలి. బ్యారెల్ మీ ముంజేతి ఎముకతో ఒకే గీతలో ఉండాలి. ఆ పట్టు కదలకుండా చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనాలి. వేలు అందడానికి చెయ్యి పక్కకు తిప్పాల్సి వస్తే ఆ తుపాకీ మీకు పెద్దది, గుండు పక్కకు పోతుంది. వేలు మరీ లోపలికి పోయి రెండో కణుపు తగిలితే చిన్నది. చిటికెన వేలికి పిడి మీద చోటు లేకపోయినా ఫర్వాలేదు, అయితే పేల్చినప్పుడు తుపాకీ మూతి ఎక్కువ ఎగురుతుందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు మందు లేని డమ్మీ తూటా అడిగి వేయించుకోండి. ఫోర్‌సైట్‌ను (బ్యారెల్ కొన మీది గురి ముక్కను) గోడ మీద ఒక చుక్క దగ్గర నిలిపి, రివాల్వరైతే హ్యామర్ లాగకుండా పదిసార్లు ట్రిగ్గర్ నొక్కండి. పదికి ఎనిమిదిసార్లైనా ఫోర్‌సైట్ చుక్క మీదే ఉంటే ఆ తుపాకీ మీది. ఏడో సారికే చెయ్యి వణికితే, దాని పేరు ఎంత గొప్పదైనా వదిలేయండి. పిస్టలైతే స్లయిడ్ పదిసార్లు లాగండి. రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకోకండి. ఎడమ అరచెయ్యి మొత్తం పైన ఆనించి, స్లయిడ్‌ను పట్టి ఉంచి, కుడిచేత్తో పిడిని ముందుకు తొయ్యండి. లాగేకంటే తోయడం సులువు. అలా కూడా రాకపోతే పిస్టల్ మీకు పనికిరాదు.

పిస్టల్ వైపే మనసుంటే ఇంకో విషయం తెలియాలి. .32 ఏసీపీ తూటా అడుగున అంచు కొంచెం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. గొట్టం అడుగు వెడల్పు 8.6 మి.మీ., అంచుది 9.1 మి.మీ. మ్యాగజీన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ కొక్కెం వేసుకున్నట్టు ఇరుక్కుంటాయి. మామూలుగా జామ్ అయితే మ్యాగజీన్ అడుగున అరచేత్తో కొట్టి స్లయిడ్ లాగితే సర్దుకుంటుంది. ఇది అలా సర్దుకోదు. మ్యాగజీన్ బయటికి తీసి తూటాలు విడదీయాల్సిందే, అంత వ్యవధి ఆపదలో దొరకదు. అందుకే మ్యాగజీన్ నింపేటప్పుడు ప్రతి తూటానూ వెనక గోడకు ఆనేదాకా నెట్టి, పై తూటా అంచు కిందిదానికి ముందు ఉందో లేదో చూడాలి. ముక్కు గుండ్రంగా ఉన్న పూర్తి పొడవు తూటాలతో ఈ బెడద తక్కువ. పొట్టి ముక్కు తూటాలు మ్యాగజీన్‌లో ముందుకూ వెనక్కూ జరిగే వీలుంటుంది కాబట్టి వాటితో ఎక్కువ.

రివాల్వర్‌లో తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే పక్క తూటా వస్తుంది. మేం రివాల్వర్ అనడానికి ముఖ్య కారణం అదే.

ప్రశ్న: హిమాయత్‌నగర్‌లో గైనకాలజిస్టుని. అర్ధరాత్రి కేసులకు ఒంటరిగా కారులో వెళ్తుంటాను. బరువు తక్కువని నిర్భీక్ చూస్తున్నాను. .22 నిడర్ రివాల్వర్ అయితే పావు కిలోనే అంటున్నారు. ఎప్పుడూ చీరే కడతాను, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవచ్చా?

జవాబు: బరువు తగ్గితే మోయడం సుఖం, పేల్చడం కష్టం. తూటా వెనక్కి తన్నే తన్ను తుపాకీ బరువు మింగాలి. అది తేలికైతే మిగతాది మీ మణికట్టు మీద పడుతుంది. అదృష్టం ఏమిటంటే .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ నెమ్మది తూటా, 500 గ్రాముల రివాల్వర్‌లోనూ దాన్ని భరించవచ్చు. 500కూ 700కూ తేడా చేతికి తెలుస్తుంది కానీ భయపెట్టదు. కాబట్టి మీ విషయంలో నిర్భీక్ సబబైన ఎంపికే.

.22 వద్దంటాం. శక్తి తక్కువన్నది ఒక కారణం. అంతకన్నా ముఖ్యం, .22 తూటాలో నిప్పంటించే మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. అది అంచంతా సమంగా పరుచుకోకపోతే పిన్ కొట్టిన చోట పేలదు. మధ్యలో ప్రైమర్ ఉండే .32తో పోలిస్తే పేలకుండా ఉండిపోయేవి ఎక్కువ. గురి నేర్చుకోవడానికి .22 చక్కటిది, ప్రాణం మీదకు వచ్చినప్పుడు మాత్రం కాదు.

హ్యాండ్‌బ్యాగు సంగతి మనస్ఫూర్తిగా చెబుతున్నాం, వీలైనంతవరకు వద్దు. బైకు మీద వచ్చి బ్యాగు లాక్కుపోతే తుపాకీ కూడా వాడి చేతికే పోతుంది. ఆసుపత్రిలో బ్యాగు బల్ల మీద పెట్టి లేబర్ రూములోకి వెళ్తారు. తాళాలు, పెన్ను, దువ్వెన, ఏది ట్రిగ్గర్ గార్డులో దూరినా ప్రమాదమే. చీర మీద పెట్టుకోవాలంటే లంగా బొందు ఆ బరువు ఆపదు. నడుముకు చుట్టే వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీలు వస్తున్నాయి. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి తొడుగు ఉన్నదైతేనే కొనండి, ఉత్త గుడ్డ అర ఉన్నది వద్దు. కుడి పక్కటెముకల కింద, పమిట వెనక్కి తోస్తే చెయ్యి అందేచోట కట్టుకోండి. రాత్రి పిలుపులకు సల్వార్ కమీజ్ వేసుకోగలిగితే గట్టి బెల్టు, పైన వదులు కుర్తా, అన్నిటికన్నా తేలిక. తప్పనిసరై బ్యాగే అనుకుంటే, తుపాకీకి విడిగా జిప్ ఉన్న అర, అందులో కుట్టేసిన తొడుగు, ఆ అరలో ఇంకేమీ లేకుండా, బ్యాగు పట్టీ భుజం మీదుగా అడ్డంగా. ఇంటికి రాగానే మొదటి పని, అది తీసి తాళంలో పెట్టడం.

ప్రశ్న: .32లో అసలు దమ్ముందా? 9 ఎంఎం ముందు బొమ్మ తుపాకీ అంటున్నారు. — మలక్‌పేట వ్యాపారి

జవాబు: లెక్క చూడండి. 9 ఎంఎం గుండు శక్తి సుమారు 450 జౌల్స్. .32 ఏసీపీ 170 దగ్గర, .32 లాంగ్ 150 దగ్గర. మూడో వంతు అన్నమాట. తక్కువే, కానీ ప్రాణం తీయగలదు. శక్తి తక్కువైనప్పుడు గుండు ఎక్కడ తగిలిందన్నదే లెక్క, అందుకే రెండో జవాబులో చేతికి సరిపోవడం గురించి అంత చెప్పాం. ఈ తుపాకులతో మాట్లాడుకోవాల్సిన దూరం 3 నుంచి 7 మీటర్లు. గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరి రేంజి కానీ, మీకు వీలున్న ఇంకే రేంజి కానీ, 25 మీటర్ల బోర్డు ముందు కాదు, 5 మీటర్ల దగ్గర నిలబెట్టమని అడగండి. కొన్న కొత్తలో 25 తూటాలైనా కాల్చండి. లైసెన్స్‌లో రాసిన ఏడాది పరిమితిలో మిగిలినవాటిని మూడు నెలలకోసారి పదేసి చొప్పున వాడండి. మధ్యలో ఇంట్లో డమ్మీ తూటాలతో రోజూ ఐదు నిమిషాలు, అసలు తూటాలు వేరే గదిలో ఉంచి.

ప్రశ్న: ఎల్బీనగర్, హయత్‌నగర్‌లలో రెండు పెట్రోల్ బంకులు నడుపుతున్నాను. రాత్రి కలెక్షన్ స్కూటర్ మీదే తెస్తాను. రివాల్వర్ కొన్నాను కానీ నడుముకు నిలవడం లేదు, జారుతోంది, చొక్కా లేస్తే కనిపిస్తోంది. జేబులో పెట్టుకోనా?

జవాబు: జేబులో వద్దు. తుపాకీకి లక్ష పెట్టినవాళ్లు తొడుగు దగ్గర, బెల్టు దగ్గర చెయ్యి వెనక్కి తీస్తారు. మీ కష్టం తుపాకీది కాదు, ఆ రెండింటిదే.

కప్పి ఉంచడం మన దగ్గర మీ ఇష్టాయిష్టాల సంగతి కాదని మొదట తెలుసుకోండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతితుపాకీని ఒంటికి తగిలించిన హోల్‌స్టర్‌లో (తొడుగులో) కానీ, అందుకు తగిన సంచిలో కానీ తీసుకెళ్లాలి. పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. బయటకు తీసి చూపించడం నేరం.

బెల్టు నుంచి మొదలుపెడదాం. ఫార్మల్ ప్యాంటు మీద పెట్టుకునే సన్న బెల్టు 700 గ్రాములకు మడత పడుతుంది, అందుకే జారుతోంది. 38 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. తక్కువ కాకుండా మందం, రెండు పొరలు కలిపి కుట్టిన తోలు కావాలి. ప్యాంటు లోపల పెట్టుకునేట్టయితే నడుం కొలత మామూలు కన్నా ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ కుట్టించుకోండి.

హోల్‌స్టర్‌కు మూడు పరీక్షలు. ట్రిగ్గర్ గార్డు మొత్తం కప్పాలి, వేలు కానీ గుడ్డ కానీ దూరే సందు ఉండకూడదు. తుపాకీ తీశాక తొడుగు మూతి ముడుచుకోకుండా తెరిచే ఉండాలి. ఖాళీ తుపాకీ పెట్టి తలకిందులుగా ఊపితే జారి పడకూడదు. పోలీసు సామాను కొట్లలో దొరికే మెత్తటి తోలు తొడుగులు రెండో పరీక్షలో తప్పుతాయి. విదేశాల్లో కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ అచ్చు తొడుగులు ఎక్కువ, మన కాన్పూర్ రివాల్వర్‌కు అచ్చు దొరకడం కష్టం. మంచి తోలు పనివాడి దగ్గర 3 మి.మీ. మందం తోలుతో, మూతి చుట్టూ ఇంకో పట్టీ వేసి కుట్టించుకోవడమే మేలు. కొలతకు అసలు తుపాకీ అతనికి అప్పగించి రాకూడదు. ఖాళీ చేసి తీసుకెళ్లి, మీరు పక్కన ఉండగానే కొలతలు తీయించి వెనక్కి తెచ్చుకోండి.

ఎక్కడ పెట్టుకోవాలంటే, బొడ్డును గడియారంలో 12 అనుకుంటే కుడిచేతి వాటం వాళ్లకు 3కూ 4కూ మధ్య. ముందు పొట్ట మీద పెట్టుకుంటే స్కూటర్ మీద కూర్చున్నప్పుడు పొడుస్తుంది, తుపాకీ మూతి తొడ వైపు తిరుగుతుంది. వెన్నెముక మీద అస్సలు వద్దు. బండి జారి వెల్లకిలా పడితే ఆ ఇనుము వెన్నులో దిగబడుతుంది. చొక్కా మామూలు కన్నా ఒక సైజు పెద్దది, ముదురు రంగు గళ్లదో పువ్వులదో, టక్ చేయకుండా. తెల్లటి పల్చటి లాల్చీలో పిడి ఆకారం దూరం నుంచే తెలిసిపోతుంది. స్కూటర్ మీద గాలికి చొక్కా లేస్తుందన్నారు, దాని మీద జిప్ ఉన్న తేలిక జాకెట్ వేసుకుంటే చాలు. అద్దం ముందు వంగి, చెయ్యి పైకెత్తి, మూట దించుతున్నట్టు చేసి చూసుకోండి.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యం. అనుకోకుండా పేలిన సందర్భాల్లో చాలా భాగం తుపాకీ తీసేటప్పుడు కాదు, తిరిగి తొడుగులో పెట్టేటప్పుడు జరుగుతాయి. చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్‌కు తగులుకుంటుంది, మనం లోపలికి నొక్కుతాం, పేలుతుంది. కాబట్టి పెట్టేటప్పుడు తొందర వద్దు. ఎడమచేత్తో చొక్కా పూర్తిగా పైకెత్తి, కళ్లతో తొడుగు మూతి చూసి, చూపుడువేలు ఫ్రేమ్ మీద చాచి, బొటనవేలు హ్యామర్ మీద ఆనించి మెల్లగా దించండి. ఏదైనా తగులుకుని ట్రిగ్గర్ కదిలితే హ్యామర్ లేవడం బొటనవేలికి తెలుస్తుంది, అక్కడే ఆగవచ్చు.

ప్రశ్న: ఎండాకాలం చెమటకు రివాల్వర్ మీద ఎర్రటి చుక్కలు వచ్చాయి. కొబ్బరినూనె రాస్తున్నాను. — ఉప్పల్

జవాబు: కొబ్బరినూనె ఆపేయండి. 24 డిగ్రీల కిందకు పోతే గడ్డకడుతుంది, డిసెంబరు రాత్రి మన ఊళ్లో అది తెల్లగా పేరుకుని హ్యామర్ స్ప్రింగును పట్టేస్తుంది. పాతబడితే జిగురవుతుంది. గన్ ఆయిల్ దొరకనప్పుడు కుట్టు మిషన్ నూనె నయం, పల్చగా ఉంటుంది, తరచూ రాయాలి, అంతే.

చెమటలో ఉప్పు ఉంటుంది, నీలి పూత ఉన్న ఇనుము దానికి ఆగదు. రోజూ సాయంత్రం తూటాలు తీసి, పొడి నూలుగుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనె గుడ్డకు అంటించి పైపైన ఒక పూత. ఎర్ర చుక్కలు ఇప్పుడే మొదలైతే నూనె పట్టించి ఒక పూట ఉంచి, గరుకు లేని గుడ్డతో రుద్దండి. ఇసుక కాగితం పెడితే నీలి పూత పోయి తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. రాత్రి తోలు తొడుగులో ఉంచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. వానాకాలం పెట్టెలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. సిలిండర్ గదుల్లోకి నూనె కారనివ్వకూడదు. ప్రైమర్‌లోకి నూనె ఇంకితే తూటా పేలదు. నడుము మీద మోసుకు తిరిగిన తూటాలను ఏడాదికోసారి రేంజిలో కాల్చేసి కొత్తవి వేసుకోండి.

కాల్చిన రోజు ఇంకా పని ఉంది. .32 లాంగ్‌లో సీసం గుండు వాడితే బ్యారెల్ గాడుల్లో సీసం అంటుకుంటుంది, ఇత్తడి బ్రష్ పదిసార్లు ఆడించండి. ఖాళీ గొట్టాలను నెట్టే నక్షత్రం ఆకారపు ముక్క కింద కాలని మందు పలుకులు చేరతాయి. రెండు పలుకులు చేరినా అది పూర్తిగా కూర్చోదు, సిలిండర్ బిగుసుకుని ట్రిగ్గర్ కదలదు. రివాల్వర్ జామ్ కాదన్న మాట ఇక్కడ తప్పుతుంది. పాత టూత్‌బ్రష్‌తో ఆ నక్షత్రం అడుగు తుడవడం ఎప్పుడూ మరవొద్దు. విరిచి తెరిచే రివాల్వర్‌ను సగం తెరిచి ఆపకండి, ఒక్క ఊపున పూర్తిగా తెరవండి. సగంలో ఆగితే గొట్టం అంచు నక్షత్రం కిందకు జారి ఇరుక్కుంటుంది.

ప్రశ్న: ఒకాయన తన తాతగారి వాల్తర్ పీపీకే .32 అమ్ముతానంటున్నారు. కొనవచ్చా? — బంజారాహిల్స్

జవాబు: వాల్తర్ పీపీకే 1931 నాటి నమూనా. 155 మి.మీ. పొడవు, 7 తూటాలు. ఒంటి మీద ఇమడడానికి ఇప్పటికీ అందమైన తుపాకీ. కానీ కొత్తది రాదు కాబట్టి ధర లక్షల్లో, విడిభాగాలు దొరకవు. మ్యాగజీన్ పెదవులు వంగిపోయినా, ఖాళీ గొట్టాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అరిగినా పడుండాల్సిందే. కంపెనీ మ్యాగజీన్లు కనీసం రెండు ఉంటేనే ఆలోచించండి. బ్యారెల్‌లో టార్చ్ వేసి గాడులు పదునుగా ఉన్నాయా, గుంటలు పడ్డాయా చూడండి. స్లయిడ్‌కూ ఫ్రేమ్‌కూ పగుళ్లు ఉన్నాయేమో నూనె రాసి తుడిచి చూడండి, సన్నటి గీతలో నూనె నిలిచిపోతుంది. డీకాకర్ (హ్యామర్‌ను పేలకుండా దించే మీట) నొక్కితే హ్యామర్ దిగాలి, ఖాళీ తుపాకీతో పదిసార్లు చూడండి. నంబరు ఆయన లైసెన్స్‌లో ఉన్నదీ, ఇనుము మీద చెక్కినదీ అక్షరం తేడా లేకుండా కలవాలి. చెరిపి మళ్లీ కొట్టిన గుర్తులుంటే వెంటనే లేచి రండి.

ఇద్దరు లైసెన్సుదారుల మధ్య అమ్మకానికి, అమ్మేవారు ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కు కానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కు కానీ రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. ఆలోపు డబ్బిచ్చి తుపాకీ తెచ్చుకోకండి.

ప్రశ్న: తెలంగాణ లైసెన్స్‌తో సంక్రాంతికి భీమవరం తీసుకెళ్లవచ్చా? బోనాలకు? మెట్రోలో? — కూకట్‌పల్లి

జవాబు: మీ లైసెన్స్‌లో ‘ఏరియా’ అన్నచోట తెలంగాణ అని మాత్రమే ఉంటే భీమవరం కుదరదు. 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. పరిధి పెంచమని లైసెన్స్ ఇచ్చిన అధికారికే, నగరంలోనైతే పోలీస్ కమిషనర్‌కు, ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. జాతరలు, ఊరేగింపులు, బహిరంగ సభలు, విద్యాసంస్థల ఆవరణలు లైసెన్స్ షరతుల్లోనే నిషేధం. బోనాలు, గణేశ్ నిమజ్జనం, పిల్లల బడి, అన్నీ ఇందులోకి వస్తాయి. మెట్రోలోనూ కుదరదు. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చితే 2019 సవరణ కింద రెండేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో. ఎన్నికల కోడ్ వచ్చి పోలీసులు అప్పగించమంటే స్టేషన్‌లో ఇచ్చి నంబరు రాసిన రసీదు తీసుకోండి. ఇచ్చేముందు నూనె పట్టించి ఇవ్వండి, అక్కడ నెల రోజులైనా ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్-1బీ మీద టెక్సాస్‌లో ఉన్నాడు. అక్కడ లైసెన్స్ అక్కర్లేదట, చిన్న పిస్టల్ కొనుక్కుంటానంటున్నాడు. — వనస్థలిపురం తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆపమనండి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు దాటినవాళ్లు పర్మిట్ లేకుండా చేతితుపాకీ పెట్టుకోవచ్చన్నది నిజమే. కానీ చట్టరీత్యా తుపాకీ దగ్గర ఉంచుకోగలవాళ్లకే అది. అమెరికా కేంద్ర చట్టం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకీ, తూటా రెండూ నిషేధించింది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 అన్నీ ఆ కోవే. శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది, దేశం నుంచి పంపేయడానికీ అదే కారణమవుతుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు ఒక మినహాయింపు ఉంది, కానీ దాన్ని నమ్ముకుని కొనేముందు అక్కడి లాయరును అడగాల్సిందే. గ్రీన్ కార్డు వచ్చాక ఈ నిషేధం వర్తించదు. ఒకటి మాత్రం అబ్బాయికి గట్టిగా చెప్పండి. అక్కడ స్నేహితులతో రేంజికి వెళ్లిన సంచి తెచ్చి, దాని మూల ఒక్క తూటా మిగిలిపోయినా శంషాబాద్‌లో స్కానర్‌కు దొరుకుతుంది, ఆయుధ చట్టం కింద కేసవుతుంది.

ప్రశ్న: ఇంట్లో ఆరేళ్ల మనవడు. బీరువాలో చీరల కింద పెడుతున్నాను, చాలా? — సైదాబాద్

జవాబు: చాలదండీ. ఆరేళ్ల పిల్లలకు బీరువా తాళం ఎక్కడుందో పెద్దవాళ్లకన్నా బాగా తెలుసు. గోడకు నాలుగు బోల్టులతో బిగించిన చిన్న ఉక్కు పెట్టె, మీరు తప్ప ఎవరికీ తెలియని నంబరు తాళం. తూటాలు వేరే గదిలో వేరే తాళంలో. నంబరుగా మనవడి పుట్టినరోజు వద్దు, వాడు ముందు నొక్కేది అదే. బయట నుంచి రాగానే చెప్పులు విప్పి, ఫోను మాట్లాడి, టీ తాగాక పెడదామనుకోకండి. నడుం మీది తుపాకీ నేరుగా పెట్టెలోకి, ఆ తర్వాతే మిగతా పనులు. పెట్టెలో పెట్టేముందు సిలిండర్ తెరిచి ఆరు గదులూ వేలితో తడిమి లెక్కపెట్టండి, బయటికి తీసిన తూటాలు కూడా ఆరు ఉండాలి.